సోమా: అట్లాంటిక్ అడుగున తొమ్మిది పది గంటలు

ఆయుధం పట్టుకుని రాక్షసుల్ని వేటాడే ఆట కావాలనుకునేవాళ్ళు సోమా జోలికి పోకపోవడమే మంచిది. ఈ ఆటలో తుపాకీ ఒక్కటే ఉంది. అది ఉపగ్రహాలను అంతరిక్షంలోకి విసరడానికి సముద్రం అడుగున కట్టిన కిలోమీటర్ల పొడుగు ఫిరంగి, దానితో ఎవర్నీ కాల్చలేం. మిగతా సమయమంతా నడవడం, తలుపులు తెరవడం, వినడం, దాక్కోవడం, మధ్యమధ్యలో ఒక ప్లగ్ పీకాలా వద్దా అని చేతిని గాల్లో ఆపుకోవడం. ఈ చివరి పని కోసమే ఆట మొత్తాన్ని కట్టారు. అది బాగా కుదిరింది కాబట్టే, 2015లో వచ్చిన ఈ గేమ్ ఇంకా కొత్తవాళ్ళకు సిఫారసు చేయదగ్గదిగా నిలిచింది.

తయారుచేసింది స్వీడన్‌కు చెందిన ఫ్రిక్షనల్ గేమ్స్. చీకట్లో లాంతరు పట్టుకుని పారిపోయే ‘అమ్నీషియా’ ఆటతో 2010లో పేరు తెచ్చుకున్న జట్టే ఇది. సోమాకు దర్శకుడు థామస్ గ్రిప్, కథారచయిత మైకేల్ హెడ్‌బర్గ్, సంగీతం మిక్కో టార్మియా. 2015 సెప్టెంబరు 22న పీసీకీ, ప్లేస్టేషన్ 4కీ వచ్చింది. ఎక్స్‌బాక్స్ వన్‌కు 2017 డిసెంబరులో వచ్చింది. ఆ రెండోసారి రాకతో పాటు వచ్చిన ఒక మార్పు చాలా ముఖ్యమైనది, దాని సంగతి కాస్త తర్వాత.

కథ టొరంటోలో, 2015లో మొదలవుతుంది. సైమన్ జారెట్ అనే కుర్రాడు కారు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి బతికాడు, కానీ మెదడులో రక్తస్రావం ఆగడం లేదు. డేవిడ్ మున్షీ అనే పరిశోధకుడు కొత్త రకం స్కాన్ తీసి చికిత్సకు దారి వెతుకుదాం అంటాడు. సైమన్ తన గదిలో నిద్రలేచి, స్కాన్‌కు ముందు తాగమన్న ద్రవం వెతికి తాగి, రైలెక్కి, ల్యాబ్‌కు వెళ్ళి కుర్చీలో కూర్చుంటాడు. హెల్మెట్ లాంటి యంత్రం తల మీదికి దిగుతుంది. అది పైకి లేచేసరికి కుర్చీ అదే, గది మాత్రం వేరే. చీకటి, తుప్పు, గోడల మీద కారిన నల్లటి జిగురు. సంవత్సరం 2104. చోటు అట్లాంటిక్ మహాసముద్రం అడుగున ఉన్న పాథోస్-2 అనే పరిశోధనా కేంద్రం. పైన భూమి మీద ఏం మిగిలిందో కాసేపటికే తెలుస్తుంది. 2103 జనవరిలో ఒక తోకచుక్క వచ్చి గుద్దింది.

మొదటి పదిహేను ఇరవై నిమిషాలు, అంటే టొరంటో గది, చాలామందికి నీరసంగా అనిపిస్తుంది. దాన్ని పరుగున దాటేయకండి. సొరుగులు లాగి చూడండి, ఫోను సందేశాలు వినండి, కాగితాలు చదవండి. ఆ పాత గదిలోని మామూలు జీవితం ఎంత గుర్తుంటే, తర్వాతి తొమ్మిది గంటలు అంత బరువెక్కుతాయి.

ఫ్రిక్షనల్ ఆటలన్నిటిలో ఉన్న ఒక పద్ధతి ఇక్కడా ఉంది. తలుపు తెరవడానికి బటన్ నొక్కితే సరిపోదు. మౌస్ నొక్కి పట్టుకుని, తలుపు ఎటు కదలాలో అటు మౌస్‌ని లాగాలి. మీట దించాలంటే చేతిని కిందికి లాగాలి, చక్రం తిప్పాలంటే గుండ్రంగా తిప్పాలి. వస్తువుల్ని ఎత్తి తిప్పి చూడొచ్చు, విసరొచ్చు. మొదటి గంట ఇది చాదస్తంగా తోస్తుంది. వెనక ఏదో అడుగుల చప్పుడు చేస్తుంటే తలుపుని సగం తెరిచి తొంగిచూడడం మొదలుపెట్టాక దీని విలువ అర్థమవుతుంది. కంట్రోలర్ మీద ఈ పనులన్నీ కుదురుతాయి కానీ నెమ్మది. రెండిటికీ వీలున్నవాళ్ళు మౌసే ఎంచుకోవాలి. సెట్టింగుల్లో మౌస్ వేగాన్ని ఒక మెట్టు తగ్గించుకుంటే టెర్మినళ్ళ (స్టేషన్‌లోని కంప్యూటర్ తెరల) మీద చిన్న బటన్లు నొక్కడం తేలికవుతుంది.

చేతిలో ఎప్పుడూ ఉండే పనిముట్టు ఓమ్నిటూల్ ఒక్కటే. తాళాలు తీసేది అదే, కొత్త చోట్లకు అనుమతులు నమోదయ్యేదీ దాని చిప్‌లోనే. సంచి నిండా వస్తువులు మోసుకుని, ఏది దేనికి తగులుతుందో పరీక్షించే రకం ఆట కాదిది. ఒక గదికి కావలసిన వస్తువు ఆ గదిలోనో పక్క గదిలోనో ఉంటుంది. చిక్కుపడ్డారంటే సాధారణంగా కారణం రెండిటిలో ఒకటి: ఏదో టెర్మినల్‌లో ఒక పేజీ చూడకుండా వదిలేశారు, లేదా సాకెట్‌లో పెట్టిన ఓమ్నిటూల్‌ని వెనక్కి తీసుకోవడం మరిచిపోయారు. మ్యాప్ లేదు. ఎక్కడికి వెళ్ళాలో బాణం గుర్తు చూపదు. గోడల మీద రాసిన సూచికలు, తలుపుల మీది పేర్లు, టెర్మినళ్ళలోని నక్షాలు చూసి దారి పట్టాలి. స్టేషన్‌లో మనుషులు పనిచేసేటప్పుడు వాళ్ళకూ అవే దారి చూపేవి కదా, అందుకే ఇది అసహజంగా ఉండదు.

ఇక అసలు విషయం. పాథోస్-2 అంటే గ్రీకు అక్షరాల పేర్లున్న చిన్న చిన్న కేంద్రాల సముదాయం. అప్సిలన్ అనే మొదటి కేంద్రంలో కేబుళ్ళకు చిక్కుకున్న ఒక రోబో మాట్లాడుతుంది. తన పేరు కార్ల్ సెమ్‌కెన్ అంటుంది, గాయపడ్డానంటుంది, సాయం చేసేవాళ్ళని పిలవమంటుంది. లోహపు దేహం మన కళ్ళ ముందే ఉంది, దానికి మాత్రం కనబడదు. తన చేతులు చూసుకుని అవి చేతులే అనుకుంటుంది. ముందుకు వెళ్ళాలంటే కరెంటు దారి మార్చాలి. అందుకు రెండు మార్గాలున్నాయి. ఒకదానిలో ఆ యంత్రం పూర్తిగా ఆగిపోతుంది. రెండోదానిలో ‘బతికే’ ఉంటుంది, కానీ కరెంటు దెబ్బకు అరుస్తూ ఉంటుంది. ఏది చేసినా తలుపు తెరుచుకుంటుంది. ఏది చేసినా కథ అదే దారిన సాగుతుంది.

ఇక్కడే చాలామంది ఆటగాళ్ళకు కోపం వస్తుంది. నిర్ణయాన్ని బట్టి కథ మారనప్పుడు నిర్ణయం ఎందుకు? ఇతర ఆటల్లో మంచి పనికి ఇన్ని పాయింట్లు, చెడ్డ పనికి ఇంత శిక్ష అని లెక్క ఉంటుంది, మనం ఆ లెక్క చూసుకునే దయ చూపిస్తాం. సోమా ఆ లెక్కని తీసి పక్కన పెట్టింది. సరైన జవాబు ఇది అని ఎవరూ చెప్పరు, మార్కులు వేయరు. చేసిన పనికి ఫలితం లేకపోవడంతో మిగిలేది మనం ఎందుకలా చేశామన్నది మాత్రమే. పది నిమిషాల తర్వాత, వేరే గదిలో ఉన్నప్పుడు కూడా, అది పీకుతూనే ఉంటుంది.

డెల్టాలో వచ్చేది ఇంకా గట్టిది. ఒక చిప్ కావాలి, అది తీయాలంటే యంత్రాన్ని షాక్ కొట్టి పడేయాలి. అక్కడ రెండు యంత్రాలున్నాయి. ఒకదానిలో ఒకప్పటి ఉద్యోగి మనసు కాపీ తిరుగుతోంది, తనేమిటో తనకు తెలియక కలవరిస్తూ. రెండోది మాటల్లేని చిన్న సహాయక రోబో, మన వెంటే నమ్మకంగా తిరుగుతుంది. లెక్క ప్రకారం చూస్తే జవాబు తేలికే, మనసున్నదాన్ని కాపాడాలి. షాక్ కొట్టే స్టన్ బ్యాటన్ పట్టుకుని ఎదురుగా నిలబడ్డాక ఆ తేలికతనం ఎక్కడికి పోతుందో తెలియదు. ఎంతోమంది కళ్ళార్పని ఆ చిన్న యంత్రాన్ని వదిలేసి మనసున్నదాన్నే కొడతారు. చేశాక తమకు తాము సమర్థన చెప్పుకుంటారు.

ఈ కేంద్రాన్ని ఈ స్థితికి తెచ్చింది వావ్ అనే కృత్రిమ మేధ. స్టేషన్‌లో ఉన్నవాళ్ళని బతికించడం దాని పని. దాన్ని మించి అది ఆలోచించదు. ఊపిరాడితే బతికినట్టే, మాట్లాడితే బతికినట్టే అన్నది దాని లెక్క. స్ట్రక్చర్ జెల్ అనే నల్లటి జిగురుతో గోడల్నీ యంత్రాల్నీ దేహాల్నీ కలిపి అతికిస్తూ పోతుంది. భయంకరమైన ఆకారాలన్నీ దాని సేవాఫలాలే. ఇందులో పగబట్టిన శత్రువు ఎవరూ లేరు, చెప్పిన పనిని అతిగా చేసే యంత్రం ఉంది, అంతే. ఆట వచ్చిన పదేళ్ళ తర్వాత ఈ భాగం ఇంకా పదునెక్కిందే తప్ప పాతబడలేదు.

మునిగిన ఓడ అధ్యాయం గురించి విడిగా చెప్పాలి. దాని పేరు క్యూరీ. ల్యాంబ్డా కేంద్రం దాటాక వస్తుంది. అప్పటివరకూ స్టేషన్లలో నేల నేలగానే ఉంది. ఓడ ఒరిగి పడుంది కాబట్టి ఇక్కడ మెట్లూ నడవాలూ అన్నీ వాలిపోయి ఉంటాయి. ఏది పైన ఏది కింద అన్న స్పృహ పోతుంది. కొన్ని గదుల్లో నీళ్ళు, కొన్నిట్లో గాలి. ఇక్కడికి వచ్చింది ఓడలోని ప్రమాద రక్షణ వాహనం కోసం. అది మామూలుగా విడుదల కాదు, ఓడకి నిజంగా ప్రమాదం వచ్చిందని వ్యవస్థ నమ్మితేనే తాళం తీస్తుంది. అందుకని రియాక్టర్‌ని వేడెక్కించి మనమే ప్రమాదం పుట్టించాలి. పజిల్‌గా ఇది చాలా చిన్నది. మీటలూ నియంత్రణ ప్యానెళ్ళూ వరసగా కదపడమే. కానీ ఇరుకు నడవాల్లో వెంటాడే జీవి ఒకటి తిరుగుతుంటే, ఆ చిన్న పని కూడా చేతులు తడబడేలా చేస్తుంది. ఆటలో ముసురుకునే భయం ఎక్కువగా ఉన్న భాగం ఇదే. దారి తప్పేవాళ్ళు కూడా ఇక్కడే ఎక్కువ. నడవాలన్నీ ఒకేలా ఉంటాయి. లోపలికి అడుగుపెట్టగానే తెరిచిన తలుపుల్ని తెరిచినట్టే వదిలేస్తూ పోతే, ఏ వైపు చూసొచ్చామో గుర్తు దొరుకుతుంది, పారిపోవాల్సి వచ్చినప్పుడు చేతికి పనీ తగ్గుతుంది.

రాక్షసుల సంగతి. ఒక్కోదానికి ఒక్కో స్వభావం, ఆ స్వభావం ఏమిటో ఆట నోటితో చెప్పదు. థీటాలో తిరిగేవాటికి చూపు లేదు, చెవులే ఆధారం. అక్కడ పరిగెత్తడం అంటే పిలిచినట్టే. వంగి నడవాలి, కాలికి తగిలే డబ్బాలు సీసాలు ఉన్నచోట పక్కకు జరగాలి. చేతికి దొరికిన వస్తువుని దూరంగా విసిరితే చప్పుడైన వైపు వెళ్తాయి, ఆ సందులో దాటిపోవచ్చు. ఇంకో రకం ఉంది, వాటిని తేరిపార చూడకూడదు. చూసినకొద్దీ మనవైపు తిరుగుతాయి. అవి దగ్గరికొస్తే తెర చెదిరిపోతుంది, గీతలు పడతాయి, శబ్దం బరబరలాడుతుంది. ఆ చెదరడాన్నే దిక్సూచిగా వాడుకోవాలి: చెదరడం పెరుగుతుంటే ఆగాలి, తగ్గుతుంటే కదలాలి. నేల వైపు చూస్తూ గోడ పట్టుకుని నడవడం అలవాటు చేసుకుంటే సగం గండం గడిచినట్టే.

మొదటిసారి దొరికిపోతే చావరు. దెబ్బ తిని పడిపోతారు, లేచాక సైమన్ కుంటుతాడు, చూపు మసకబారుతుంది. ఈ స్థితిలో ఇంకోసారి దొరికితే ప్రాణం పోయి చెక్‌పాయింట్ (ఆట చివరగా సేవ్ అయిన చోటు) దగ్గరికి వెనక్కి వస్తారు. కోలుకోవడానికి గోడల మీద వావ్ మొలిపించిన మెరిసే పువ్వుల్లాంటివి ఉంటాయి, వాటిలోకి చేయి పెట్టాలి. చూడ్డానికి రోత పుట్టిస్తాయి, ఒంటికి మాత్రం మేలు చేస్తాయి. అది ఎందుకు నయం చేస్తోందన్న ప్రశ్న దగ్గర కాస్త ఆగినవాళ్ళకి కథలోని పెద్ద సంగతి ఒకటి ముందే దొరుకుతుంది.

ఇంత చెప్పాక నిజం ఒప్పుకోవాలి: ఈ ఆటలో బలహీనమైన భాగం రాక్షసులే. మొదటి రెండు మూడు ఎదురుపడడాలు బాగా పనిచేస్తాయి. ఆ తర్వాత ఒక లాగ్ చదువుతుంటే, ఒక చనిపోయిన ఉద్యోగి ఆఖరి మాటలు వింటుంటే, మధ్యలో వచ్చి తరిమితే భయం కన్నా చిరాకే ఎక్కువ. రెండుసార్లు ఒకే గదిలో చచ్చి వెనక్కి వస్తే ఆ ఆకారం మీద భయం పోతుంది, అది దాటాల్సిన అడ్డంకి మాత్రమే అవుతుంది. భయం గేముల్లో చావుని పదేపదే చూపిస్తే వచ్చే తంటా ఇదే.

తయారీదారులకీ ఇది తెలిసొచ్చినట్టుంది. రాక్షసులు దాడి చేయకుండా చేసే ఒక మాడ్ (ఆటని మార్చే అదనపు ఫైలు) పీసీలో ముందే అభిమానులు తయారుచేసుకున్నారు. 2017 డిసెంబరులో ఫ్రిక్షనల్ అధికారికంగా సేఫ్ మోడ్ పెట్టింది. ఇందులో ఆ జీవులు ఉంటాయి, తిరుగుతాయి, దగ్గరికీ వస్తాయి, కానీ చంపవు. కొత్త ఆట మొదలుపెట్టేటప్పుడే దీన్ని ఎంచుకోవాలి. భయస్తుల కోసం పెట్టిన ఊతకర్ర అని దీన్ని కొట్టిపారేసేవాళ్ళున్నారు. అది తప్పు. చంపదని తెలిసిన ఆకారం మీదికి వచ్చి ముఖంలోకి చూసి వెళ్ళిపోతే, ఇది నిజానికి ఏమిటి, ఒకప్పుడు ఎవరు అన్న ఆలోచనకు చోటు దొరుకుతుంది. కథ కోసం వచ్చేవాళ్ళకి సేఫ్ మోడే సరైన దారి. నష్టం లేకపోలేదు. క్యూరీ ఓడలో ఆ ఉక్కిరిబిక్కిరి తగ్గుతుంది, థీటాలో వంగి నడవాల్సిన అవసరం పోతుంది. భయం గేములు ఆడి అలవాటున్నవాళ్ళు మామూలు మోడ్‌లో మొదలుపెట్టొచ్చు. ఎప్పుడూ ఆడనివాళ్ళు, రాత్రి నిద్ర ముఖ్యం అనుకునేవాళ్ళు మొహమాటపడకుండా సేఫ్ మోడ్ ఎంచుకోవచ్చు.

ఆట మొత్తంలో గొప్ప సన్నివేశం ఏదంటే థీటాలోని సిమ్యులేషన్. ఒక సంకేతపదం కావాలి. అది తెలిసిన మనిషి చనిపోయాడు, కానీ అతని మెదడు స్కాన్ దాచి ఉంది. దాన్ని నడిపి, తాను మామూలుగా మెలకువలో ఉన్నాననిపించి, మాటల్లో పెట్టి సంకేతం రాబట్టాలి. పరిసరం ఏది ఉండాలో, ఎవరి రూపంలో పలకరించాలో మనమే ఎంచుకోవాలి. తప్పు ఎంచుకుంటే అతనికి అనుమానం వస్తుంది, కంగారుపడతాడు, ఒత్తిడి పెరిగి సిమ్యులేషన్ ఆగిపోతుంది. చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టాలి. ప్రతిసారీ అతనికి అదే మొదటిసారి. మనకి మాత్రం కాదు. ఇక్కడ కావలసిన సమాచారం చుట్టుపక్కల గదుల్లోని ఉత్తరాలు, ఫైళ్ళలో ఉంది. అతని జీవితంలో ఎవరు ముఖ్యమో, ఆ స్కాన్ ఎక్కడ తీశారో తెలుసుకుని వస్తే మొదటి ప్రయత్నంలోనే అవుతుంది. ఊహతో నొక్కుకుంటూ పోతే ఓ ఐదారుసార్లు ఒక మనిషిని లేపి భయపెట్టి చెరిపేస్తారు. ఇది పజిలే, ఇదే కథ, ఇదే నేరం కూడా. మూడూ ఒకే బటన్ మీద కూర్చోవడం గేముల్లో అరుదు.

కేంద్రాల మధ్య సముద్రం అడుగున నడవాలి. మొదట్లో నడక హాయిగా ఉంటుంది, పగడపు రంగులూ చేపలూ కనిపిస్తాయి. దారి పక్కన దీపాలు నాటి ఉంటాయి, వాటిని పట్టుకుని పోతే చాలు. దీపాలు ఆగిపోయినచోట చాలామంది తిరిగిన చోటే తిరుగుతారు. అప్పుడు ఆగి, చుట్టూ ఒకసారి నెమ్మదిగా తిరిగి చూడాలి. దూరాన మసగ్గా ఇంకో వెలుగు కనిపిస్తుంది, అదే దారి. చివరి భాగంలో అగాధంలోకి దిగాక దీపం అంటే ప్రాణమే. వెలుగు దాటి చీకట్లోకి పోతే అక్కడి జీవులు మీద పడతాయి. ప్రవాహం కూడా కొట్టుకుపోయేంత జోరుగా ఉంటుంది, ఒక దీపం నుంచి ఇంకో దీపానికి చూపు నిలిపి నడవాలి, పక్కదారులు వెతక్కూడదు. నిజ సముద్రంలో 4,000 మీటర్ల లోతున పీడనం పైన గాలి పీడనానికి సుమారు 400 రెట్లు ఉంటుంది. అంత కిందికి పోవడానికి మామూలు డైవింగ్ సూటు చాలదన్న విషయాన్ని కథ గాలికి వదిలేయలేదు. ఆ ఇబ్బందిలోంచే ఆటలో పెద్ద మలుపు పుట్టించింది.

శబ్దం గురించి రెండు మాటలు. హెడ్‌ఫోన్స్ లేకుండా ఆడితే సగం ఆట పోతుంది. లోహం మూలిగే చప్పుడు, నీటి అవతల ఏదో కదిలిన అలికిడి, చనిపోయినవాళ్ళ తలలోని బ్లాక్ బాక్సుల్ని తాకితే వినిపించే ఆఖరి క్షణాలు. ఈ రికార్డింగులు ఒక్కోటి కొద్ది సెకన్లే, కానీ కథలో సగం వీటిలోనే ఉంది. శవాన్ని చూసి మొహం తిప్పుకోకుండా దగ్గరికి వెళ్ళి తాకాలి. సబ్‌టైటిల్స్ మొదటి నుంచీ పెట్టుకోవడం మేలు, ఎందుకంటే పాడైన స్పీకర్ల గొంతులు కొన్నిచోట్ల ఒక పట్టాన అర్థం కావు. సైమన్‌కు దారి చూపే శాస్త్రవేత్త కేథరిన్ చున్ పాత్రకు గొంతిచ్చిన నెల్ మూనీ నటన ఆటకు వెన్నెముక. కేథరిన్ ఎక్కువ భాగం ఓమ్నిటూల్‌లోని చిప్‌గానే ఉంటుంది. సాకెట్‌లో పెడితే మాట్లాడుతుంది, తీస్తే ఆగిపోతుంది. మాట మధ్యలో తీసేసి ఇంకోచోట పెడితే తనకి మధ్యలో కాలం గడిచినట్టే ఉండదు. ఈ చిన్న ఏర్పాటుని రచయిత ఎంత దూరం తీసుకెళ్ళాడో చూస్తే ముచ్చటేస్తుంది. సైమన్ గొంతు, జారెడ్ జూస్‌ది, కొన్నిచోట్ల చప్పగా ఉంటుంది. లోకం మునిగిందని తెలిసినా అతను కరెంటు పోయినంత మామూలుగా స్పందిస్తాడు.

సాంకేతికంగా పాత కంప్యూటర్లకు కూడా అందే ఆట. 64 బిట్ సిస్టమ్, కనీసం 4 జీబీ ర్యామ్, ఓపెన్ జీఎల్ 3.3 పనిచేసే గ్రాఫిక్స్ కార్డ్, 25 జీబీ ఖాళీ ఉంటే చాలు. ఒక భాగం నుంచి ఇంకో భాగానికి వెళ్ళేటప్పుడు వెనకాల కొత్త గదులు లోడవుతుంటాయి, అప్పుడు చిత్రం ఒకటి రెండు క్షణాలు పట్టేస్తుంది. పాత హార్డ్ డిస్క్ మీద ఇది ఎక్కువ. ఎస్ఎస్‌డీలో పెట్టుకుంటే చాలావరకు తగ్గుతుంది. అలా పట్టేసినప్పుడు ఏదో మీదికి వస్తోందని పొరబడకండి. ఆటోసేవ్ మీదే నడిచే ఆట కాబట్టి, ఒక పని పూర్తిచేసి కొత్త నడవాలోకి అడుగుపెట్టాక ఆపితే పోగొట్టుకునేది తక్కువ. బ్రైట్‌నెస్ పెంచుకుని ఆడే అలవాటుంటే ఇక్కడ మానుకోవాలి. చీకటి బూడిదరంగుకి తిరిగిపోయి తెర అంతా వెలిసిపోయినట్టుంటుంది, దూరపు దీపాలు కూడా అందులో కలిసిపోతాయి. గది దీపం ఆర్పేసి ఆడడం ఇంకా మంచి దారి. మనుషుల ముఖాలు మాత్రం 2015 నాటికే పాతవి, టొరంటోలో మున్షీ ముఖం మైనపు బొమ్మలా ఉంటుంది. అదృష్టం ఏమిటంటే ఆ తర్వాత మామూలు మనిషి ముఖం కనిపించేది చాలా తక్కువ.

లోపాల్లో ఇంకోటి, పనుల వరస. తలుపు మూసుంది, కరెంటు లేదు, కరెంటు కోసం ఇంకో గది, ఆ గదిలో రాక్షసుడు, తిరిగొచ్చి మీట దించు. ఇదే అచ్చు నాలుగైదు కేంద్రాల్లో పడుతుంది. థీటా తర్వాత ఓమిక్రాన్ వచ్చేసరికి ఈ అచ్చు అరిగిపోయినట్టు తెలుస్తుంది. ఆ సమయంలో ఒక రోజు ఆపి మళ్ళీ మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే ఓమిక్రాన్ చివర్లో జరిగేదానికి అలసిపోని మనసు కావాలి.

ఇక్కడి నుంచి రెండు పేరాల్లో స్పాయిలర్ ఉంది. ఆడాలనుకునేవాళ్ళు ఇవి దాటేసి ఆఖరి పేరాకి వెళ్ళండి.

అగాధంలోకి దిగాలంటే పీడనం తట్టుకునే పవర్ సూట్ కావాలి. సైమన్ ఇప్పుడున్న దేహం దానిలో పట్టదు. కాబట్టి ఓమిక్రాన్‌లో కొత్త దేహం తయారుచేయాలి. సూట్, దానికి బ్యాటరీ, స్ట్రక్చర్ జెల్, మెదడు కాపీని పట్టే కోర్టెక్స్ చిప్, అన్నీ ఒక్కొక్కటిగా మన చేత్తో మనమే సమకూర్చాలి. కుర్చీలో కూర్చుంటాం, కళ్ళు మూసి తెరిచేసరికి కొత్త దేహంలో ఉంటాం. అంతా బాగుంది అనుకునేలోపు, అవతలి కుర్చీలోంచి పాత సైమన్ గొంతు వినిపిస్తుంది: ఏమైంది, పని చేయలేదా అని. కాపీ అంటే కాపీయే. ఎవరూ ఎక్కడికీ తరలిపోలేదు, ఇద్దరయ్యారంతే. మనం కొత్తవాడి కళ్ళలోంచి చూస్తున్నాం కాబట్టి ‘మనం వచ్చేశాం’ అనిపించింది. ఆ పాత సైమన్‌ని నిద్రలోనే ఆపేయాలా, లేక లేచి ఒంటరిగా మిగలనివ్వాలా అన్నది మన చేతిలో పెడతారు. మొదటి గంటలో కార్ల్ దగ్గర నేర్పిన ప్రశ్నే ఇది, ఈసారి మన పేరు మీద.

దీని తర్వాత సైమన్ తనకు తాను చెప్పుకునే ఓదార్పు ఉంది, కాపీ తీసినప్పుడు ఏ వైపు మేలుకుంటామన్నది బొమ్మాబొరుసు లాంటిదని. అది తప్పని అతను చూసిన ప్రతీ సంగతీ చెబుతున్నా వదలడు. సైమన్ ఇంత మొద్దేమిటని విసుక్కునేవాళ్ళు చాలామంది, ఆ ఫిర్యాదులో న్యాయం ఉంది. రచయిత అతన్ని కనీసం ఒక్కసారి కేథరిన్‌తో గట్టిగా వాదించనిచ్చి ఉండాల్సింది. అయినా ఆ మొండితనంలో ఒక నిజం ఉంది. నమ్మకపోతే అతను ముందుకు అడుగు వేయలేడు, కేథరిన్‌కి కూడా అది తెలుసు, అందుకే ఆమె సరిదిద్దదు. వావ్‌ని ఏం చేయాలన్న నిర్ణయం కూడా ఆల్ఫాలో మనకే వస్తుంది. దానివల్ల ముగింపు మారదు. మానవజాతిలో మిగిలిందాన్ని, అంటే మనుషుల మెదడు స్కాన్లని, చిన్న పెట్టెలో పెట్టి అంతరిక్షంలోకి పంపడం మంచిదా, ఈ జిగురుతో వికారంగానైనా ఇక్కడే సాగనివ్వడం మంచిదా అన్నదానికి ఆట జవాబు చెప్పదు, రెండు వైపులా సాక్ష్యాలు పేర్చి ఊరుకుంటుంది.

కొనేముందు చూసుకోవాల్సినవి కొన్ని. ఆత్మహత్య, శరీరాల వికృతి, ఊపిరాడకపోవడం గురించిన దృశ్యాలు తరచుగా వస్తాయి, సేఫ్ మోడ్ వాటిని తీసేయదు. ఇరుకు చోట్లంటే, లోతైన నీళ్ళంటే నిజంగానే ఇబ్బంది ఉన్నవాళ్ళకి క్యూరీ ఓడా అగాధమూ కష్టమే. ఒకసారి ముగించాక రెండోసారి ఆడడానికి కొత్త దారులేవీ లేవు, వేరే మోడ్‌లో చూడడం తప్ప. కథ ముందే తెలిస్తే బలం సగానికి పడిపోతుంది కాబట్టి వీడియోలు చూడకుండా మొదలుపెట్టండి. ఎక్కడైనా ఇరుక్కుంటే ఆ ఒక్క గదికి సంబంధించిన సాయం వెతుక్కోండి చాలు. ఒకేసారి కూర్చుని ముగించే ప్రయత్నం వద్దు: అప్సిలన్ నుంచి ల్యాంబ్డా వరకు ఒక పూట, క్యూరీ నుంచి థీటా వరకు ఇంకో పూట, ఓమిక్రాన్ నుంచి చివరిదాకా మూడో పూట అని విడగొట్టుకుంటే సరిగ్గా సరిపోతుంది. దారిలో ఒక టెర్మినల్‌లో ప్రశ్నావళి కనబడితే హడావుడిగా నొక్కేయకుండా మనసులో ఉన్నదే జవాబివ్వండి. ఫిరంగి పేలి పేర్లు పడడం మొదలవగానే ఆట అయిపోయిందని మూసేయకండి, పేర్ల తర్వాత ఇంకా ఆడాల్సిన భాగం ఉంది, అదే ప్రశ్నావళి అక్కడ మళ్ళీ వస్తుంది.